నొక్కకముందే వచ్చిన సిగ్నల్

వేప్పనపల్లి బస్సులో కిటికీ పక్కనే కూర్చున్నా బయట ఏముందో నేను చూడలేదు. ఒడిలో సంచి, సంచిలో రిసీవర్. అరచేతి కన్నా కొంచెం పెద్దది. ఒక చిన్న తెర, సాగదీసే యాంటెన్నా. గాలిలో వచ్చే రేడియో సిగ్నల్ ఎంత బలంగా ఉందో అంకెల్లో చూపిస్తుంది. దాన్ని తీసి బ్యాటరీ చూస్తాను, లోపల పెడతాను, మళ్లీ తీస్తాను. పక్కన కూర్చున్న ఆవిడ చివరికి కొంచెం అటు జరిగింది.

మూకండపల్లిలో మా కంపెనీ చిన్నది. ఇంట్లో బటన్ నొక్కితే తోటలో బోరు మోటారు ఆడే పెట్టెలు తయారుచేస్తాం. నాది బెంచీ మీద వాటిని పరీక్షించే పని. బెంచీ ఎవరితోనూ మాట్లాడమని అడగదు కాబట్టి నాకు హాయి. బయటి ఊళ్లకు వెళ్లే అతను సెలవులో ఉంటే మేనేజరు నన్ను పిలిచాడు. "ఆ పెట్టె మీద కంప్లైంటు ఆగడం లేదమ్మా. సాయంత్రానికి లింకు రాకపోతే విప్పుకొని వచ్చేయ్."

వెళ్లి ఏం మాట్లాడాలో మత్తిగిరిలో నా గదిలో కూర్చుని డైరీలో రాసుకున్నాను. నమస్కారమండీ, నేను కంపెనీ నుంచి వస్తున్నాను, అంటూ ఒక పేజీ. కథలు చదివేటప్పుడు అందరి మాటలూ నాకు నోటికొస్తాయి. నావే రావు.

పెట్టె కొన్నావిడ బస్సు దిగే చోటికే వచ్చింది, ఒక చేయి మోకాలి మీద పెట్టుకుని. పెద్దమ్మా అని పిలిచాను. భర్త పోయాక మామిడితోట ఆమే చూసుకుంటోంది. త్రీఫేజ్ కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు ఆ మోకాలితో ఇంటి నుంచి బోరు దాకా నడవాలి. నడవలేని రోజుల్లో నీళ్లు లేవు. ఈ ఏడు నాటిన మొక్కలు అప్పటికే ఆకు రాలుస్తున్నాయి.

"వైరు లాగించుకోకూడదా పెద్దమ్మా?"

"యాడ లాగేది? ఇంటికీ బోరుకీ నడాన మా మరిది చేను. పంచుకున్న కాడినుంచి మాటల్లేవు మాకు."

ఆమెను బటన్ దగ్గర కూర్చోబెట్టి, ఫోను చెవికి ఆనించుకుని నేను తోటలోకి నడిచాను. కొంత దూరానికోసారి ఆగి నొక్కమంటాను, అంకె చూస్తాను.

"ఎంతొచ్చిందమ్మా?"

"మైనస్ తొంభై."

"నూటికి తొంభైయా? మా మనవడికి ఎప్పుడన్నా వచ్చినాయా అన్ని?"

"కాదు పెద్దమ్మా, ఇది మైనస్. తొంభై కన్నా డెబ్బై మేలు. ఎంత తగ్గితే అంత మంచిది."

"అట్ల చెప్పు. షుగర్ మాదిరి."

కాలేజీలో నాకు ఎవరూ ఇంత తేలిగ్గా చెప్పలేదు. అక్కడి నుంచి మా ఇద్దరికీ అది షుగరే అయింది.

ఇంటికి దూరమయ్యే కొద్దీ షుగర్ పెరుగుతూ పోయింది. అది మామూలే. కానీ బోరు దగ్గరికి వచ్చి తెర చూసుకుంటే మైనస్ డెబ్బై. 

"డెబ్బై పెద్దమ్మా! సిగ్నల్ చాలా బాగుంది ఈడ."

అటునుంచి కోడి అరుపు వినిపించింది.

"నేనింకా నొక్కలేదు కదమ్మా. కోడి ఇంట్లోకి దూరింది, తరమతా ఉండాను."

ఎండలో అలాగే నిలబడిపోయాను. ఆమె నొక్కకపోతే ఈ డెబ్బై ఎవరిది? ఆగిన ప్రతిచోటా వచ్చిన వాటిలో బలమైన అంకెను పట్టి ఉంచేలా రిసీవర్‌ను పెట్టుకున్నానని అప్పుడు గుర్తొచ్చింది. అది తీసేసి చూస్తే అంకె నూటికి అవతలే ఉంది, క్షణానికోసారి మాత్రం డెబ్బైకి ఎగిరి పడుతోంది. ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాను. టక్. టక్. టక్. పెద్దమ్మ పెట్టె పంపే మాట ఈ చప్పుడు కింద పడి నలిగిపోతోంది.

రిసీవర్‌ను ఛాతీకి ఆనించుకుని మెల్లగా చుట్టూ తిరిగాను. ఒక చోట చప్పుడు బాగా తగ్గింది. నా ఒళ్లే దానికి అడ్డం పడిందన్నమాట, అంటే వచ్చేది నా వీపు వెనక నుంచి. వెనక్కి తిరిగి చూస్తే మరిది చేను. దాని చుట్టూ సోలార్ కంచె. అడవిపందులను బెదిరించడానికి ఆ తీగలో ఆగి ఆగి కరెంటు కొడుతుంది. తీగ బాగుంటే ఇంత చప్పుడు రాదు. ఎక్కడో నిప్పురవ్వ రాలుతోంది. ఆ మాటే ఫోనులో చెప్పాను.

"ఆ పక్కకు పోవద్దమ్మా," అంది పెద్దమ్మ. "నేనే పంపించినానంటాడు. కాకపోతే పెట్టె ఎత్తుకొని పో. నడిచేది నాకు కొత్తా?"

రిసీవర్ సంచిలో పెట్టాను. తీశాను. బోరు చుట్టూ తిరిగాను. పెట్టె బిగించిన స్క్రూల మీద వేలు పెట్టి చూశాను, విప్పడం ఎంతసేపు. కంచె అవతల ఒకాయన పశువులకు గడ్డి కోస్తున్నాడు. రాసుకున్న పేజీలో ఒక్క ముక్క గుర్తు రాలేదు. ఫోను ఆపకుండానే సంచిలో వేసుకుని కంచె దాకా నడిచాను. నోరు తెరిస్తే వచ్చిన మాట ఇది.

"చిన్నాయనా."

ఆయన కొడవలి ఆపాడు. "నేను నీకు చిన్నాయన ఎట్లయినానమ్మా? ఎవరి పాపవు నువ్వు?"

"ఆమెను పెద్దమ్మా అన్నాను. మీరు ఆమె మరిది కదా, అందుకని..."

ఆయన నన్నూ, నా వెనక ఉన్న తోటనూ చూశాడు.  ఇంక మాటలు దొరక్క ఒక ఇయర్‌ఫోన్ తీసి కంచె మీదుగా చాచాను. తీగ తగలకుండా తీసుకుని చెవిలో పెట్టుకున్నాడు.

"గడియారం మాదిరి కొట్టుకుంటా ఉండాదే. ఏందిది?"

"మీ కంచె."

"మా కంచెకు నోరు యాడిది?"

ఆయన లోపల, నేను బయట, కంచె పొడుగునా నడిచాం. నేను అంకెలు చదివాను. అరవై. యాభై. మూల గుంజ దగ్గర నలభైకి వచ్చింది. గుంజ మీద తీగను పట్టే ప్లాస్టిక్ బిళ్ల పగిలి ఉంది. తీగ ఇనుప గుంజను తాకీ తాకనట్టు వేలాడుతోంది. రెండింటి మధ్య నీలంగా ఒక చుక్క పుడుతోంది, పోతోంది.

"అందుకేనా పందులు దూరి చెనక్కాయ తినింది. నేను బ్యాటరీని తిడతా ఉండాను ఇన్నాళ్లూ."

కంచె ఆపి, పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి తీగను ఎత్తి కట్టాడు. మళ్లీ వేశాడు. ఇయర్‌ఫోన్‌లో సన్నని హోరు తప్ప ఏమీ లేదు. ఫోను తీసి స్పీకరులో పెట్టి నేను బోరు దగ్గరికి పరుగెత్తాను.

"పెద్దమ్మా, కోడిని వదిలేసి నొక్కండి."

పెట్టెలో టక్కుమంది. మోటారు మూలిగింది. పైపు దగ్గి, గాలి కక్కి, ఎర్రటి నీళ్లు, తర్వాత తెల్లటి నీళ్లు.

ఆయన తోట గట్టు దాకా వచ్చి నిలబడ్డాడు. "మోటారు ఆడిందని చెప్పు మీ పెద్దమ్మకు."

"ఆడింది పెద్దమ్మా."

"వినబడింది లే. ఏం కట్టినాడంట దానికి?"

"సైకిల్ ట్యూబు."

"ట్యూబు ఎండకు నిలవదని చెప్పు. కొత్త బిళ్ల వేయమను."

ఫోను స్పీకరులో ఉంది. ఆయనకు ప్రతి మాటా వినిపిస్తూనే ఉంది. అయినా నా వైపే చూస్తున్నాడు. నేను చెప్పాను.

"కృష్ణగిరి పోయినప్పుడు తెస్తానని చెప్పు."

అదీ చెప్పాను. రోడ్డు మీద నేను ఎక్కాల్సిన హోసూరు బస్సు హారన్ కొట్టి వెళ్లిపోయింది. ఫోను పెట్టేయమని ఇద్దరిలో ఎవరూ అనలేదు.