బొమ్మ ఆగితే ఎవరూ కదలకూడదు

తైస్తో మాస్టారిది ఒకటే జబ్బు. ఏది పాడైనా ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, తక్కిన లోకమంతా ఎక్కడిదక్కడ కదలకుండా ఉండాలి. చేపల సూపు రుచి తప్పితే ఈ వారం ఉప్పు మార్చేవారు, వచ్చే వారం మిరియాలు, ఆపై వారం గిన్నె. రుచి కుదిరేసరికి సరస్సు గడ్డకట్టేది.

ఆ జబ్బుతోనే ఆయన ఒక పోట్లాట గెలవడం పై అంతస్తు హిల్కా కళ్లారా చూసింది. వర్కౌస్ ఊళ్లో వాళ్లుండే మేడకి అడుగున, అందరి ఉమ్మడి సౌనా, అంటే ఆవిరి స్నానాల గది, పక్కనే ఒక హాలుంది. గురువారం సాయంత్రాలు అందరూ అక్కడ కూర్చుని సినిమా చూస్తారు. తెర, స్పీకర్లు, కంప్యూటరు అన్నీ మాస్టారి ఇంట్లోంచి దిగినవే. భార్య పోయాక, ఒక్కడికి అంత తెర ఎందుకని కిందికి మోయించారు. ఆ కంప్యూటరుకి మాత్రం ఒక పాడుబుద్ధి. ఒక గురువారం చక్కగా ఆడేది, ఇంకో గురువారం నడిమధ్యన బొమ్మ బిగుసుకుపోయేది. ఎప్పుడు ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో దాన్ని కన్న దేవుడికే తెలియాలి. జనం లేని రోజు పరీక్షిస్తే తెల్లారేదాకా ఆడేది.

మేడ వాళ్ల సమావేశంలో అధ్యక్షుడు కార్పినెన్ లేచి, కంప్యూటరు, తీగలు, తెర అన్నీ చెత్తలో పడేసి కొత్తవి తెద్దామన్నాడు. అన్నీ ఒకేసారి మారిస్తే తప్పు దేనిదో ఎలా తెలుస్తుందని మాస్టారు అడిగారు. తెలియకపోతేనేం, పీడ వదిలితే చాలదా అన్నాడు కార్పినెన్.

"నిరుడు మీ ఇంట్లో వాసనొస్తే తివాచీ మార్చారు, సోఫా మార్చారు, చివరికి పిల్లిని మీ చెల్లెలికి ఇచ్చేశారు. వాసన పోయిందా?" అన్నారు మాస్టారు.

తప్పు సింకు కింద గొట్టానిదని మేడంతటికీ తెలుసు.

"ఆ పిల్లి ఏ పాపం ఎరగదు," అన్నారు మాస్టారు, పోయినవాళ్ల గురించి చెప్పేటంత గంభీరంగా. ఓటు ఆయన వైపే పడింది. మంచు కరిగేలోగా లోపం పట్టుకోవాలి, లేదంటే కంప్యూటరు చెత్తకే పోతుంది, గురువారాలు కార్పినెన్ ఇష్టప్రకారం జరుగుతాయి.

అక్కడినుంచి మొదలైంది అందరి చెర. ఒక గురువారం ఫ్యాను దుమ్ము దులిపారు. ఇంకో గురువారం మెమరీ ముక్క మార్చారు. మరోసారి తీగ మార్చారు. ఒక వారం కాఫీ కుండ మీదా అనుమానపడి దాన్ని ఇంటికి పంపేశారు. కాఫీ లేకుండా యాలకుల బన్ను మింగడం ఎలాంటిదో హిల్కా ఆయనకి విడమరిచి చెప్పింది. చావింట్లోనైనా కాఫీ పోస్తారు మాస్టారూ అంది. ఆయన శ్రద్ధగా విని, కాఫీ నిర్దోషి అని తేల్చి, పై వారం కుండని వెనక్కి పిలిపించారు.

బొమ్మ ఆగినప్పుడల్లా ఆయన ముందు వెళ్లి తలుపు మూసేవారు. ఆ తర్వాతే కంప్యూటరు దగ్గరికి. "ఎవరూ కదలకండి. కదిలితే ఏది మారిందో తెలియదు," అనేవారు. రోగిని చూడకముందు తలుపు మూసే డాక్టర్ని హిల్కా ఇదే చూడటం. ఒకసారి పాత స్కీ పోటీ చూస్తుండగా, గెంతినవాడు గాలిలోనే ఆగిపోయాడు. చేతిలో బన్నుతో అందరూ వాడి కాళ్ల కింది స్కీ పలకలు చూస్తూ కూర్చున్నారు.

"వాణ్ణి దించండి మాస్టారూ, వాళ్లమ్మ ఎదురుచూస్తుంటుంది," అంది హిల్కా. అక్కడినుంచి అందుకుని ఆయన సూపుని, టోపీని, ఒకప్పుడు బళ్లో చెప్పిన లెక్కల పాఠాల్ని వరసగా దులిపింది. హిల్కా బడికెళ్లిన రోజులకన్నా మంచు తవ్విన రోజులే ఎక్కువ. కానీ కాగితం మిల్లు క్యాంటీన్‌లో ఆమె వడ్డిస్తుంటే ఇంజనీర్లు ప్లేటులో మెతుకు వదలడానికి భయపడేవారు. ఆ నోరు విప్పితే హాలంతా చెవులు రిక్కించేది. మాస్టారు తల వంచుకుని స్క్రూలు తిప్పుకునేవారు.

రెండో అంతస్తు ఎన్సియో, ఆయన భార్య సైమి మాత్రం ఎప్పుడూ వచ్చేవారు కాదు. ఒకప్పుడు చర్చిలో పాటల బృందాన్ని నడిపిన మనిషి సైమి. మన స్పీకర్లు ఆవిడ చెవికి ఆనవులే అనేది హిల్కా.

వస్తువులన్నీ అయిపోయాక మాస్టారు మనుషుల మీద పడ్డారు. మనుషులూ ఈ ఏర్పాటులో భాగాలేనట. ఒక వారం కార్పినెన్‌ని రావద్దన్నారు. బొమ్మ ఆగింది. కార్పినెన్ నిర్దోషి అని ప్రకటిస్తే అతనికి పదవి వచ్చినంత సంతోషమైంది. పై వారం హిల్కా తలుపు తట్టి, "ఈ గురువారం మీరు రాకండి," అన్నారు.

కాఫీ కుండ తర్వాత తన వంతా అని హిల్కాకి ఒళ్లు మండింది. రావద్దన్నది హాల్లోకే కదా అనుకుని, అల్లిక సంచీ తీసుకుని, కింద నడవాలో సౌనా ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చుంది. తను లేకపోయినా బొమ్మ ఆగితే మొదటి నవ్వు తనదే కావాలని.

లోపల సినిమా మొదలైన కాసేపటికి ఎన్సియో మెట్లు దిగి వచ్చాడు. కొక్కేలకి వేలాడే కోట్ల వరస వెనక చీకట్లో కూర్చున్న హిల్కాని చూడలేదు. సౌనాలోకి వెళ్లి కరెంటు పొయ్యి మీట తిప్పాడు. టక్కుమన్న చప్పుడు. అదే క్షణంలో హాల్లో పాట తెగిపోయింది. "ఎవరూ కదలకండి," అన్న గొంతు వినిపించింది.

హిల్కా చేతిలో సూదులు ఆగిపోయాయి. ఆ మేడలో ప్రతి ఇంటికీ శుక్ర, శనివారాల్లో సౌనా వంతు ఉంది. వంతు తప్పి సౌనా వేసుకోవడం దొంగతనం కన్నా పెద్ద నేరం. దొంగని జైలుకి పంపి మరిచిపోవచ్చు, వీడితో రోజూ మెట్లెక్కాలి. పట్టుకున్నాను అనుకుని హిల్కా లేవబోయింది.

ఎన్సియో పైకి వెళ్లి మళ్లీ దిగాడు, ఈసారి సైమి చెయ్యి పట్టుకుని. ఆమె కోటు తిరగేసి తొడుక్కుంది. జుట్టు దువ్వి ఎన్నాళ్లయిందో. రిబ్బను కట్టుకోకుండా వాకిట్లోకి రాని మనిషి, ఇప్పుడు ఒక్కో మెట్టునీ కొత్తగా చూస్తూ దిగుతోంది. "ఇంకెంత దూరం నాన్నా?" అని మొగుణ్ణి అడిగింది. వచ్చేశాం తల్లీ అన్నాడతను.

అప్పుడే హాలు తలుపు పిడి కిందికి వంగింది. ఫ్యూజు పెట్టె చూస్తానంటూ లోపల కార్పినెన్ గొంతు. హిల్కా లేచి, కోట్ల చాటునే రెండడుగుల్లో వెళ్లి, ఆ పిడిని రెండు చేతులా పట్టుకుంది. మిల్లులో పెద్ద గిన్నెలు మోసిన చేతులవి. అవతల కార్పినెన్ లాగాడు, ఇవతల ఆమె లాగింది.

"తలుపు కూడా బిగుసుకుపోయింది," అన్నాడు కార్పినెన్.

"చెప్పానా? కదలకండి," అన్నారు మాస్టారు.

సౌనా తలుపు మూసుకుంది. కాసేపటికి వేడి రాళ్ల మీద నీళ్లు చిమ్మిన చప్పుడు, దాని వెనకే సన్నగా ఒక పాట. మొగుణ్ణే మరిచిన సైమి, పాటలో ఒక్క మాటా తప్పలేదు. హిల్కా పిడి వదిలి మళ్లీ బల్ల మీద కూర్చుంది.

సినిమా అయ్యేలోగానే వాళ్లిద్దరూ పైకి వెళ్లిపోయారు. మిగతా జనమూ వెళ్లాక మాస్టారు వచ్చి పక్కన కూర్చున్నారు. తలుపు ఎందుకు తెరుచుకోలేదో ఆయనకి చెప్పనక్కర్లేకపోయింది.

"ఎన్నాళ్లనుంచి తెలుసు మీకు?" అని అడిగింది హిల్కా.

"ఆకులు రాలేటప్పటినుంచీ. సౌనా పొయ్యి వెలిగితే హాల్లో కరెంటు ఒక్క క్షణం కుంగుతుంది. కంప్యూటరు తట్టుకోలేదు."

"వేరే తీగ లాగితే పోదూ?"

"పోతుంది. కానీ అప్పుడు వాళ్లు దిగుతున్నట్టు నాకెలా తెలుస్తుంది?"

తక్కినది, ఎన్సియో ఎప్పుడో తన ఒక్కడితోనే చెప్పుకున్నది, ఆయన మెల్లగా చెప్పారు. ఇంట్లో షవరు తిప్పితే సైమి భయపడి అరుస్తుంది. ఆవిరి ఒక్కటే ఆమెకి గుర్తుంది. తనను ఈ స్థితిలో మెట్ల మీద ఎవరూ చూడకూడదని, తెలివి ఉన్న రోజుల్లోనే మొగుడి దగ్గర మాట తీసుకుంది. శుక్ర, శనివారాల్లో నడవా నిండా జనం. గురువారం అందరూ హాల్లో ఉంటారు. ఆమె మొండికెయ్యని గురువారమే ఎన్సియో దించగలుగుతాడు. ఆ గురువారమే బొమ్మ ఆగుతుంది. తన పొయ్యి వల్లే బొమ్మ ఆగుతోందని ఎన్సియోకి తెలియదు, తెలియనక్కర్లేదు కూడా.

హిల్కా సూదులు సంచీలో సర్దుకుంది. "మరి నన్నెందుకు రావద్దన్నారు?" అంది.

"ఆగిపోయిన బొమ్మ ముందు ఊరికే కూర్చోలేనని మొన్న లేచారు. మీ వెనకే అందరూ లేస్తారని భయపడ్డాను. నా లెక్క తప్పింది. మీరు లేని ఈ రోజే జనం ఒక్కచోట నిలవలేదు. ఇన్నాళ్లూ వాళ్లని కుర్చీల్లో కూర్చోబెట్టింది నా మాట కాదు."

ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నారు.

"ఒక్కటే అడుగుతాను హిల్కా గారూ. వచ్చే గురువారం రండి. బొమ్మ ఆగగానే నన్ను తిట్టండి, ఎప్పటిలాగే. నా సూపునీ తిట్టండి. ఎన్సియో వాళ్ల అడుగులు దాటిపోయేదాకా మాత్రం ఆపకండి."