బాలశౌరి పడవకు చిల్లులెవరు పెట్టారు

మా కొత్తూళ్లో ఇప్పుడు ఏ అరుగు మీద నలుగురు చేరినా ఒకటే మాట. గుడిగంటను కిరాయి లేకుండా మోయాల్సి వస్తుందని బాలశౌరి తన సిలవరు పడవకు తానే చిల్లులు పొడిచాడట. అందుకే గంట కృష్ణ పాలయిందట. ఈ మాట మాచర్ల సంతకు వెళ్లింది. అక్కడినుంచి దుర్గి వెళ్లి, ఇంకో నాలుగు చిల్లులు కలుపుకుని మళ్లీ మా ఊరికే వచ్చింది.

నేను చదివింది నాలుగో తరగతి. అయినా ఊళ్లో ఏం జరిగినా నా చెవిన పడాల్సిందే. పడకపోతే నేనే వెళ్లి అడిగి తెచ్చుకుంటాను. ఈ సంగతినీ అలాగే తెచ్చుకున్నాను. తెలిశాక ఒళ్లు మండింది. ఆ మంట చల్లారకముందే రాస్తున్నాను కాబట్టి, ఎవరికైనా మాట తగిలితే తగలనీ.

బాలశౌరిది మా పాత ఊరే. ఆ ఊరు ఇప్పుడు డ్యాము నీళ్ల కింద ఉంది. వాళ్ల నాన్న రేవులో పుట్టి తిప్పేవాడు. తోలు కప్పిన బుట్టలాంటి ఆ పుట్టిలో గిరగిరా తిప్పుతూ మమ్మల్ని అవతలి నల్లగొండ గట్టుకు చేర్చేవాడు. కొడుక్కి పుట్టి నచ్చలేదు. డ్యాము పని మొదలయ్యాక వర్క్‌షాపులో ఫిట్టరు కింద చేరాడు. పని వచ్చు, ఓర్పు రాదు. తన స్పానరు దొంగిలించావని మేస్త్రీ ఒకరోజు అందరిముందూ అన్నాడు. ఇతను ఆ స్పానరు ఎక్కడుందో వెతికి తెచ్చి, మేస్త్రీ అన్నం గిన్నెలో పడేసి ఇంటికొచ్చేశాడు. అలాంటి మనిషి.

ఏరు కొలిచేవాళ్లు వాడి వదిలేసిన మోటారు పడవ ఒకటి డ్యాము యార్డులో బోర్లా పడి ఉండేది. అల్యూమినియం అంటారు, మన వంటింటి మాటలో సిలవరు. ఒళ్లంతా సొట్టలు, అడుగున రేకులను కలిపి కొట్టిన రివిట్లు వదులు. దాన్ని ఎక్కించి లాగే రెండు చక్రాల ట్రైలరు తుప్పు పట్టి, కంపచెట్లలో కూరుకుపోయి ఉండేది. రెంటినీ కలిపి వేలం వేస్తే, కరిగించి గిన్నెలు చేయించుకుందామని ఒక వ్యాపారి పాడుకోబోయాడు. బాలశౌరి పైపాట పాడాడు. ఇంట్లో గేదెను అమ్మేసి పడవను తోలుకొచ్చాడు.

“పాలిచ్చే గొడ్డును తోలేసి ఈ తొట్టిని తోలుకొస్తావా? ఇది ఈనిద్దా, పేడేసిద్దా?” అని అతని భార్య రూతమ్మ వీధిలోకొచ్చి అరిచింది.

“నీళ్లొస్తయ్యే! ఈ చేలన్నీ మునుగుతయ్. పుట్టి తిప్పే రేవుండదు. అప్పుడు అవతలికి పోవాలంటే ఎవురైనా నా పడవే ఎక్కాల.”

“ఎక్కుతారు, ఎక్కుతారు. ముందు నువ్వు దాంట్లోనించి దిగు, కూడు తిందువు.”

ఆ రోజునుంచి ఆ ఇల్లు ఆ ఒక్క ఆశ మీదే నిలబడింది. నీళ్లు రావాలి, జనం ఎక్కాలి.

పని మొదలుపెట్టాడు. బయట ఇసక మూట ఆనించి, లోపలినుంచి చెక్క సుత్తితో సొట్టలు లేపాడు. ఇనప సుత్తి అయితే రేకు సాగుతుందట. వదులైన రివిట్లు బిగించాడు. ఎక్కడ కారుతుందో తెలియాలంటే పడవను నీళ్లలో వేయకూడదట, నీళ్లనే పడవలో పోయాలట. మండు వేసవి. మా బావిలో బిందె మునగడం లేదు. ఈయన కావిడితో నీళ్లు తెచ్చి పడవలో కుమ్మరిస్తుంటే ఆడవాళ్లం ఊరుకుంటామా?

“ఒరేయ్ శౌరిగా, నోట్లో పోసుకోను నీళ్లు లేక మేం చస్తుంటే పడవకు తాపుతావేందిరా?” అని నేనే అడిగాను.

“కారినయ్యన్నీ కింద తొట్లో పడతన్నయ్యత్తా. తీసకపోయి నీ బర్రెకు తాపుకో, అరవమాక,” అన్నాడు. అంటూనే పడవ కిందికి దూరి, చుక్క కనబడ్డచోటల్లా సుద్దతో గీత గీసుకున్నాడు.

ట్రైలరును లాగడానికి జీపు కావాలి. మాకెక్కడి జీపు? ముందుకు నొగ బిగించి ఎద్దులు కట్టాడు. పాత టైర్లు సంపాదించి వేశాడు. నీళ్లలోకి దింపిన ప్రతిసారీ చక్రాలు విప్పి, లోపలి బేరింగులు కిరసనాయిలుతో కడిగి, కొత్త గ్రీజు దట్టించేవాడు. అది చేయకపోతే చక్రం పట్టేసి దారిలో కూర్చుంటుందని రూతమ్మకూ నేర్పాడు. ఆమె తిట్టుకుంటూనే మోచేతులదాకా గ్రీజు పూసుకునేది. పాత రేవులో పడవను వేసి ఇంజను తిప్పిన రోజు ఊళ్లో సగంమంది వంతులవారీగా ఎక్కి వచ్చారు. ఒక్కరి పంచె అంచు తడవలేదు. ఈ మాట గుర్తుంచుకోండి.

అరవై ఏడులో నీళ్లు నిలబెడతారని, ఊరు ఖాళీ చేయమని చెప్పారు. మా పాత గుడి, అదే చర్చి, దిబ్బ మీద ఉండేది. అక్కడ ఆఖరి పూజ అయ్యేదాకా గంటను దించకూడదని పెద్దలు పట్టుబట్టారు. బండిబాట పల్లంలో ఉంది, అది ముందే మునుగుతుంది. అంత బరువు గంటకు ఇక పడవే దిక్కు. ఫాదరుగారు రాని ఆదివారాల్లో మాకు ప్రార్థన చెప్పించే ఉపదేశి కృపాదానం గారు బాలశౌరిని అడిగారు.

“గుడిదానికి కిరాయేందండీ, నేను తెస్తా,” అన్నాడు బాలశౌరి. నేను పక్కనే ఉన్నాను. ఎవరూ బలవంతం చేయలేదు, ఇతను మూతి ముడుచుకోలేదు.

తర్వాత పడవను ట్రైలరు మీద కొత్తూరు తెచ్చి, కడుతున్న కొత్త గుడి గోడనీడన నిలిపాడు. ఇంజనుకు కావలసిన సామాను కోసం గుంటూరు వెళ్లాడు. అక్కడ దొరక్క బెజవాడ వెళ్లి, చాలారోజులు అక్కడే ఉండిపోయాడు. మేమంతా అప్పుడు పాత ఊళ్లో తలుపులూ దూలాలూ ఊడదీసుకుంటున్నాం. కొత్తూళ్లో ఉన్నది గుడి కట్టే మేస్త్రీలూ, ఉపదేశిగారూ.

శెట్టిగారి భార్య కన్యకాపరమేశ్వరి కొట్టు సామాను బండి మీద కొత్తూరు వెళ్లి వచ్చి, నాకే మొదట చెప్పింది.

“శౌరి వచ్చాడు వదినా. చేతి డ్రిల్లు పెట్టి పడవ అడుగున బెజ్జాలు తీస్తన్నాడు. ఒకటా రెండా, జల్లెడ చేస్తన్నాడు. ఏందయ్యా అంటే కొట్టేటట్టు చూశాడు.”

కన్యకాపరమేశ్వరి అబద్ధం ఆడే మనిషి కాదు. చూసిందే చెప్పింది. విన్నవాళ్లే మిగతాది అల్లారు.

ఈలోగా ఎగువన వానలు పడ్డాయి. అనుకున్నదానికంటే ముందే నీళ్లొచ్చాయి. బండిబాట పోయింది. గంటను గూటినుంచి దించి దిబ్బ మీద పెట్టి, మనుషులు మాత్రం ఎలాగో ఈది, నడిచి బయటపడ్డారు. గట్టు మీద నిలబడి అందరం పడవ కోసం చూస్తున్నాం. బాలశౌరి రాలేదు. మనిషిని పంపితే, పడవ ఇంకా బాగవలేదు, తేలదు అని కబురొచ్చింది. మేం చూస్తుండగానే నీళ్లు దిబ్బ ఎక్కాయి. గంట మీది సిలువ కాసేపు కనిపించింది. తర్వాత అదీ లేదు. ఆడవాళ్లు ఏడ్చారు. నేనూ ఏడ్చాను. నా పెళ్లికి మోగిన గంట అది.

అప్పుడొచ్చాడు బాలశౌరి, చేతిలో స్పానరుతో, పరుగున. కృపాదానం గారు జనమందరి ముందూ చెయ్యెత్తి చూపించారు.

“చూశారా! దేవుడి గంట మొయ్యాల్సొస్తదని సొంత పడవను పొడుచుకున్నాడు. శెట్టెమ్మ కళ్లారా చూసింది. ఇట్టాంటోడి పడవ ఎక్కేదెవుడింక?”

బాలశౌరి ముఖం నల్లబడింది. “గంటేమైందో మీ కొత్త గుడి గోడల్నడగండి!” అని అరిచాడు. గుడినే తిడుతున్నాడనుకున్నారు జనం. ఎవరో మట్టిబెడ్డ విసిరారు. అది భుజానికి తగిలింది. తుడుచుకోకుండానే వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. ఆ తర్వాత గుళ్లో అడుగు పెట్టలేదు.

ఇప్పుడు పడవ బాగయింది. కొత్త రేవులో తేలుతోంది. అయితే ఒక్కరూ ఎక్కరు. పక్కనే అవతలి ఊరివాళ్ల చెక్కపడవ ఉంది. దాంట్లో చీలమండ లోతు నీళ్లుంటాయి, డబ్బాతో తోడిపోస్తూ వెళ్లాలి. మావాళ్లు చెప్పులు చేత్తో పట్టుకుని దాన్నే ఎక్కుతున్నారు. బాలశౌరి పడవలో ఖాళీగా కూర్చుంటాడు. రూతమ్మ మిరప చేలల్లో కూలికి పోతోంది.

నాకు మాత్రం ఆ గోడల మాట అరగలేదు. కోపంలో మనిషి బూతు మాట్లాడతాడు, గోడల సంగతి ఎందుకెత్తుతాడు? అతను అన్నానికి వెళ్లిన వేళ చూసి రేవుకు వెళ్లి పడవలోకి దిగాను. అడుగంతా మాసికలు. తారుగుడ్డ పరిచి, పైన రేకుముక్క పెట్టి, చుట్టూ రివిట్లు కొట్టాడు. రివిట్టు కొట్టాలంటే ముందు దానికో బెజ్జం కావాలి కదా! కన్యకాపరమేశ్వరి చూసిన చిల్లులు ఇవన్నమాట. మరి మాసికల కింద రేకును తిన్నదేమిటి? మాసిక లేనిచోట కూడా రేకు స్ఫోటకం పోసిన ముఖంలా గుంటలు గుంటలుగా ఉంది. కూర్చునే బల్ల కింద, వేలు తప్ప చెయ్యి పట్టని సందులో తెల్లటి పొక్కు ఒకటి అంటుకుని ఉంది. గోటితో గీకి నాలుక మీద పెట్టుకున్నాను. పెళ్లయిన నాటినుంచీ ఆకూవక్కా వేస్తున్న నాలుక నాది. చురుక్కుమనగానే తెలిసిపోయింది. సున్నం.

ఇంటికొచ్చి పాత సిలవరు గిన్నెలో తడిసున్నం వేసి పెట్టాను. కాసేపటికే బుసబుసమని బుడగలు లేచాయి. నీళ్లు చల్లుతూ అలాగే ఉంచాను. పండగకు ఇల్లంతా సున్నం కొట్టుకోవడం అయ్యాక గిన్నె కడిగి సూర్యుడికి ఎదురుగా పట్టుకుంటే, అడుగున సూదిమొనలంత వెలుగులు కనిపించాయి. గిన్నె చంకన పెట్టుకుని తిన్నగా ఉపదేశిగారింటికి నడిచాను.

“కృపాదానం గారూ, గుడికి సున్నం ఎక్కడ నానబెట్టించారు?”

“ఎక్కడో పెట్టుంటారు. మేస్త్రీల పని, నాకేం తెలుసు?”

“గుడి చుట్టూ ఎక్కడా గుంట ఆనవాలు లేదే?”

ఆయన కండువా సర్దుకున్నారు. “రాతినేల ఆరోగ్యమ్మక్కా, గుంట దిగలా. పడవ ఊరికే పడుంది. సిలవరేగా, సున్నం పోస్తే ఇంకా తెల్లబడిద్దనుకున్నా. పని అయినాక శుభ్రంగా కడిగించాం గూడా.”

“శౌరి వచ్చి అడగలా మిమ్మల్ని?”

“అడిగేదేంది, మీదికొచ్చాడు! దేవుడి గోడలకేగదా వాడింది, ఇంటికి పట్టుకపోయానా?”

“మరి గట్టు మీద ఆ మాట ఎందుకు మింగారు?”

“గంట పోయిన దుఃఖంలో ఉన్నానక్కా.”

“దుఃఖంలో శౌరి పేరు బాగానే గుర్తొచ్చిందే! సరే, ఈ ఆదివారం అందరి ముందూ చెప్పండి.”

“ప్రార్థనలో ఇట్టాంటియ్యేందక్కా, బాగుండదు,” అని లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు.

బాగుండదట! ఒక మనిషి కూడు పోగొట్టడం బాగుంది, నోరు తెరిచి నిజం చెప్పడం బాగుండదు. అందుకే రాస్తున్నాను. గంటను ముంచింది బాలశౌరి కాదు. గంటను తేవలసిన పడవను మేం కట్టుకున్న గుడే తినేసింది. తినిపించింది ఎవరో పైన పేరు పెట్టి రాశాను.

ఆ తలుపు ముందునుంచి అటే రేవుకు వెళ్లాను. బాలశౌరి పడవను ట్రైలరు మీదినుంచి నీళ్లలోకి తోసి, ఇంజను చూసుకుంటున్నాడు. కట్టుతాడు నేను పట్టుకుని నిలబడ్డాను.

“ఒరేయ్ శౌరీ, సున్నం సంగతి నాకంతా తెలిసిందిరా. ఆ రోజే గట్టు మీద విడమరిచి చెప్పుంటే ఇయ్యాల నీ పడవ నిండుగా పొయ్యేది గదా. ఎందుకు చెప్పలా?”

అతను చేతులు తుడుచుకున్నాడు. గొంతు తగ్గించలేదు.

“ఎవురికి చెప్పాలత్తా? ఆడ నిలబడ్డోళ్లంతా పాత రేవులో నా పడవెక్కినోళ్లే. చుక్క కారలేదని వాళ్లకు తెలుసు. తెలిసి గూడా ఆయన చెయ్యెత్తి చూపిస్తే ఆయనెనకే అరిచారు. వాళ్ల ముందు నేను సాక్ష్యం చెప్పుకోవాలా? డ్రిల్లు పెట్టింది నేనే. సున్నం తిన్న రేకుకు మాసికెయ్యాలంటే బెజ్జం తియ్యకుండా ఎట్టేస్తారు? ఎందుకు తీస్తన్నావురా అని పక్కన కూర్చోని అడిగినోడు ఒక్కడు లేడు. పోసినోళ్లు చెప్పాల, నేను చెప్పను. నువ్వు గూడా ఊరంతా తిరిగి ఆఖరున నా కాడికొచ్చావు. ఇప్పుడు ఈ పడవ అవతలికి పోతంది. ఎక్కుతావా? ఎక్కకపోతే ఆ తాడొదులు.”