ఎత్తిపోతల కాలవకి ఎదురెళ్ళిన రోజు

మా ఇంట్లో రూటు వేసేది నేనే. ఆదివారం ఎటు తొక్కాలి, ఎక్కడ ఆగాలి, ఎన్నింటికి వెనక్కి తిరగాలి, అన్నీ శనివారం సాయంత్రమే రాసేసి మా ఆయనకి అప్పజెప్పేదాన్ని. లెక్కల టీచరుగా చేసి రిటైరైనదాన్ని, ఎవరికో ఒకరికి ఏదో ఒకటి చెప్పకపోతే నాకు పొద్దుపోదు. ఆయనకి షుగరు ముదిరి ఇన్సులిన్ దాకా వచ్చాక డాక్టరు గారు రోజూ నడవమన్నారు. నడిస్తే మోకాళ్ళు అన్నారు ఈయన. సరే అని గేర్ల సైకిళ్ళు రెండు కొన్నాం. అరవయ్యేళ్ళొచ్చాక ఈ సర్కస్ ఏంటండీ అని రాజమండ్రిలో మా వీధి వీధంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది గానీ, కొన్నాక తొక్కక చస్తామా.

మొదటి ఏడాది డెల్టాలోనే తిరిగాం. కాలవ గట్టు, కొబ్బరి చెట్లు, మళ్ళీ కాలవ గట్టు. ఎక్కడా ఎత్తుండదు, పల్లముండదు, గేర్లున్నాయని గుర్తే రాదు. నాకు విసుగొచ్చింది. మెట్ట వైపు వెళ్దామన్నాను. కొవ్వూరు దాటి పైకి పోతే గోపాలపురం, దేవరపల్లి వైపు నేల ఎర్రబడి, గుట్టలు మొదలవుతాయి. అక్కడ పచ్చి పొగాకుని మంట వేడికి ఎండబెట్టే బ్యారన్లున్నాయి. ఎత్తుగా, కిటికీల్లేకుండా, ఇటుకతో కట్టిన గదులు. సగం పైగా ఇప్పుడు వాడకం లేక కప్పులు పడిపోయాయి. వాటి పక్కన మూతపడ్డ పెంకుల బట్టీలు, రాయి తవ్వేసి వదిలేసిన క్వారీలు. నాకు గుళ్ళూ గోపురాలకంటే ఇలాంటివి చూడ్డం ఇష్టం. ఎవరెవరో పొద్దస్తమానం ఒళ్ళు వంచి పనిచేసిన చోట్లు కదా, వాటి ముందు కూర్చుంటే నా అలసట నాకు సిగ్గనిపించదు.

అయితే మా రూటుకి అసలు లెక్క బ్యారన్లు కాదు. ఆయన పొద్దున్నే ఇన్సులిన్ వేసుకుని, నాలుగిడ్లీ తిని ఎక్కుతారు. జేబులో గ్లూకోజు పొట్లాలు రెండుంటాయి. ఆ రెండూ అయిపోయేలోపు ఇంటికైనా చేరాలి, తిండి దొరికే చోటికైనా చేరాలి. చేరకపోతే షుగరు బాగా తగ్గి మనిషి పడిపోతాడు. అంతకుముందు ఒకసారి వంటింట్లో పడ్డారు కూడాను, అదృష్టం బాగుండి నేను పక్కనే ఉన్నాను.

ఆ ఆదివారం మాఘమాసం చివర. ఎండ ముదురుతున్న రోజులు. చీకటితోనే గోదావరి బ్రిడ్జి దాటాం. కొవ్వూరులో టీ తాగాం. ఎక్కుడు మొదలయ్యేసరికి ఇద్దరం మాటలు మానేశాం. మెట్టలో తొక్కడం అంటే ఇంతే. కింద గేరులో కాళ్ళు గిరగిరా తిరుగుతుంటాయి, సైకిలు మాత్రం కదిలినట్టే ఉండదు. ఒక గుట్ట ఎక్కి హమ్మయ్య అనుకుంటే ఇంకోటి. రెండు బ్యారన్లు చూశాం. ఒకదాంట్లో ఆకు కట్టే కర్రలు ఇంకా వేలాడుతున్నాయి, ఆకు వాసన గోడల్లోకి ఇంకిపోయింది. ఆయన గోడకి చెయ్యానించి చాలాసేపు నిలబడ్డారు. ఏంటండీ అంటే ఏం లేదన్నారు. ఆయన ఎప్పుడూ ఏం లేదనే అంటారు.

తిరుగుదారిలో క్వారీ దగ్గర రోడ్డు తవ్వేసి ఉంది. లారీలు, కళ్ళలో దుమ్ము. పక్కనున్న మట్టిదారి పట్టాం. అది జీడిమామిడి తోటల్లో అటు తిరిగి ఇటు తిరిగి చివరికి ఒక కాలవ మీదకి తేలింది. కాలవ కనపడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఫోన్లో మ్యాపుంటుంది కదా అని మీరనొచ్చు. ఉంది. నేను తియ్యలేదు. కోనసీమలో పుట్టినదాన్ని, కాలవ ఎదురుగా ఉండగా ఇంకొకళ్ళని దారడగడమేంటి! మా వైపు పిల్లలకి నడకతో పాటే నేర్పుతారు, తప్పిపోతే నీళ్ళు వచ్చే వైపుకి పోవాలని. నీళ్ళకి ఎదురెళ్తే చివరికి గోదావరి ఆనకట్టే వస్తుంది, అది ఇప్పుడు మేముండే రాజమండ్రి పక్కనే. మా అక్కా నేనూ చిన్నప్పుడు అలాగే ఇల్లు చేరాం. బళ్ళో నా పిల్లలకీ అదే చెప్పాను.

ఆయన ఒక కాలు నేల మీద పెట్టి ఆగారు. "ఇటు కాదేమో," అన్నారు. మెల్లిగా, ఒక్కసారే.

"కాలవకి ఎదురెళ్తే ఆనకట్ట రాక ఎక్కడికి పోతుందండీ," అన్నాను. అనేసి తొక్కుకుంటూ పోయాను. వెనక ఆయన చైను చప్పుడు వినపడింది. వస్తున్నారులే అనుకున్నాను.

గట్టు మీద దారి మాటిమాటికీ తెగిపోయింది. వాగు వచ్చిన ప్రతిచోటా దిగి, సైకిళ్ళు మోసుకుని, మళ్ళీ ఎక్కాలి. ముళ్ళకంప గీరి చేతులు మండాయి. ఎండ నెత్తి మీదకొచ్చేసింది. మొదటి పొట్లం ఎప్పుడు తిన్నారో నేను చూడలేదు. రెండోది తింటుంటే చూశాను, అప్పుడైనా వెనక్కి తిరగాల్సింది. ఇంకెంత, వచ్చేశాం అన్నాను. పైగా అంత నెమ్మదైతే ఎలాగండీ అని విసుక్కున్నాను కూడా. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా నోటిని నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

కాలవ ఒక గుట్ట మీద అయిపోయింది. ఆనకట్టా లేదు, ఊరూ లేదు. పెద్ద సిమెంటు తొట్టి, అందులోకి అవతలి వైపు నుంచి మనిషి దూరేంత ఇనప గొట్టాలు. గోదావరి ఎక్కడో కింద, దూరంగా మెరుస్తోంది. పంపులు నీళ్ళని గుట్ట మీదకి తోస్తే, ఆ నీళ్ళే ఈ కాలవలో పారుతున్నాయి. మనిషి పట్టుబట్టి నీళ్ళని ఎత్తుకి ఎక్కిస్తాడన్న సంగతి డెల్టా బుర్రకి తట్టలేదు. కిందకి గొట్టాల వెంట నిటారు మెట్లు తప్ప దారి లేదు.

వెనక్కి చూస్తే ఆయన సైకిలు పడేసి కూర్చున్నారు. చొక్కా తడిసి ముద్దయింది. నీళ్ళ సీసా మూత తియ్యడానికి చేతులు రావట్లేదు. నన్ను చూస్తున్నారు గానీ గుర్తుపట్టినట్టు లేదు. ఎవరైనా ఉన్నారా అని కేకేశాను.

నీటిమట్టం రాసుకోడానికి వచ్చిన పంపుల ఆపరేటరు తొట్టి అవతల ఉన్నాడు, పరుగెత్తుకొచ్చాడు. అతని ఫ్లాస్కులో టీ ఉంది, పాకంలా తియ్యగా. మూతతో కొంచెం కొంచెంగా తాగించాం. మూడు మూతలయ్యాక కళ్ళలోకి వెలుగొచ్చింది. అప్పుడు ఆపరేటరు ముఖం దగ్గరగా పెట్టి చూసి ఆశ్చర్యపోయాడు. "షావుకారు గారూ, మీరేంటండీ ఈ గట్టెక్కారు? ఇటు దారి లేదని మీకు తెలుసు కదండీ."

మా ఆయనకి ఇనప సామాను కొట్టుండేది. ఈ గొట్టాలు బిగించిన రోజుల్లో బోల్టులన్నీ మా కొట్టు నుంచే వచ్చాయట. ఆయన వ్యాన్లో కూర్చుని ఎన్నిసార్లో వచ్చారట. అప్పట్లో నాకు చెప్పే ఉంటారు. నేను పేపర్లు దిద్దుకుంటూ ఊఁ అని ఉంటాను.

ఆపరేటరు ఇంకా టీ తెస్తానని కిందకి వెళ్ళాడు. నేను పక్కన కూలబడ్డాను.

"తెలిసి ఎందుకు చెప్పలేదండీ?"

"చెప్పాను కదా."

"గట్టిగా చెప్పాలి కదండీ. ప్రాణం మీదకొస్తుంటే కూడానా?"

ఆయన గొట్టాల వైపు చూస్తూ అన్నారు. "నేను చెప్తా, నువ్వు కాదంటావు. కాదన్నాక మళ్ళీ చెప్పే ఓపిక ఎప్పుడో అయిపోయిందే."

కోపం లేదు ఆ మాటలో. ఉంటే తిరిగి ఏదో అనేదాన్ని. కొట్టు ఇంకో రెండేళ్ళు నడుపుతానన్నప్పుడూ ఒక్కసారే అన్నారు. ఇంటికి స్థలం నదివైపు కొందామన్నప్పుడూ ఒక్కసారే. మన అమ్మాయికి లెక్కలు వద్దేమో, బొమ్మలు బాగా వేస్తోంది అన్నప్పుడూ అంతే. నేను కాదన్నాను, అయిపోయింది. అన్నీ నా మాట మీదే జరిగాయి, మేం ఎప్పుడూ పోట్లాడుకోలేదని అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. చాలా సిగ్గేసింది. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

ఆపరేటరు తెచ్చిన టీ తాగి, అతను పెట్టిన అన్నం తిని, ఎండ తగ్గాక వచ్చిన దారినే సైకిళ్ళు నడిపించుకుంటూ దిగాం. తోటల్లో ఏదో మలుపు తప్పినట్టున్నాం, మట్టిదారి వేరే చోట రోడ్డులో కలిసింది, అక్కడ రెండు వైపులా ఒకేలా ఉంది. కుడివైపు నీడుంది, కుడికే అయ్యుంటుందని నాకు గట్టిగా అనిపించింది. పళ్ళు బిగబట్టుకుని, ఎటండీ అని అడిగాను.

ఆయన నా ముఖం చూశారు. నువ్వు చెప్పు అన్నారు. నాకు తెలీదండీ, మీరే చెప్పండి అన్నాను. అటు చూశారు, ఇటు చూశారు. లారీ ఒకటి మమ్మల్ని దాటుకుని పోయింది. తెలిసిన జవాబే అయినా, టీచరు తప్పంటుందేమోనని గొంతు తగ్గించే పిల్లల్ని నేను క్లాసులో చాలామందిని చూశాను.

"ఎడమకేమో," అన్నారు.

సరేనండి అని ముందు ఆయన్ని వెళ్ళనిచ్చాను.