ఆడదిక్కు

తిరుపతిలో ఇల్లు వెతుక్కున్న ఆ వేసవిని నేను మరిచిపోలేదు, మరిచిపోను కూడా. మా ఆయన పోయి అప్పటికి ఆరు నెలలు. పూతలపట్టులో అత్తగారింట ఉండలేక కూతుర్నీ కుట్టుమిషన్‌నీ వెంటేసుకుని వచ్చేశాను. గేటు తీసిన ప్రతి ఇంట్లోనూ ఒకటే ప్రశ్న: "మొగదిక్కు ఎవురమ్మా?" నేనేం పని చేస్తానో అడిగినవాడు లేడు. చివరికి ఒక ఇంటాయన, "మీవోళ్ళల్లో మొగమనిషిని ఎవురినన్నా పిల్చుకోని రాపోమ్మా, ఆడోళ్ళతో ఏం మాట్లాడేది" అన్నాడు.

మా అన్నను తీసుకెళ్ళాను. మహానుభావుడు పొద్దున్నే తాగి వచ్చాడు. ప్రహరీగోడ పట్టుకుంటే తప్ప నిలబడలేని ఆ మనిషి చేతిలో ఇంటాయన తాళంచెవి పెట్టి, "చెల్లెల్ని బాగా సూసుకోప్పా" అన్నాడు. అన్న దాన్ని రెండుసార్లు కింద పడేశాడు. రెండుసార్లూ నేనే వంగి తీసుకున్నాను. ఆ రోజు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది, ఇంతవరకూ దిగలేదు.

పన్నెండేళ్ళ తర్వాత, రిటైరైన ఒక టీచరమ్మ తన ఇంట్లో కింది పోర్షన్ ఇస్తే, ఆడవాళ్ళు వచ్చి కూర్చునే చోటొకటి మొదలుపెట్టాను. లాడ్జీల్లో గదులు తుడిచేవాళ్ళు, పూలు కట్టేవాళ్ళు, మెస్సుల్లో దోసెలు పోసేవాళ్ళు మధ్యాహ్నం పూట వస్తారు. కాళ్ళు చాపుకుంటారు, తల దువ్వుకుంటారు, ఏడుపొస్తే ఏడుస్తారు. వెనక గదిలో నాలుగు మిషన్లు. మంగళవారం ఒక లాయరమ్మ వస్తుంది. అంతా బాగానే ఉంది గానీ, అందరికంటే ముందు నేను పిలిపించింది బోర్డు రాసేవాణ్ణి. ఎర్ర రంగుతో రాయించాను: "ఆడదిక్కు లేకుండా వచ్చిన మగవారితో మాట్లాడము." రాస్తూ రాస్తూ వాడు మూడుసార్లు నా ముఖం చూశాడు. "తప్పేమీ లేదు, రాయి" అన్నాను.

అబ్బో, ఆ బోర్డు నాకు పెట్టిన విందు అంతా ఇంతా కాదు! పెళ్ళాన్ని పిలుచుకుపోదామని మీసం తిప్పుకుంటూ వచ్చినవాళ్ళంతా గేటు దగ్గరే ఆగి నోళ్ళు వెళ్ళబెట్టేవాళ్ళు. ఒక రోజు ఎవరొచ్చారనుకున్నారు? తాళంచెవి ఇచ్చిన ఆ ఇంటాయనే. వాళ్ళ పనిమనిషి మా దగ్గర కూర్చుని ఆలస్యంగా వస్తోందట, గట్టిగా అడిగిపోదామని వచ్చాడు. నన్ను గుర్తుపట్టలేదు.

"ఆడదిక్కు ఎవురు సామీ?" అన్నాను.

"ఏందీ?"

"మీ ఇంట్లో ఆడమనిషిని పిల్చుకోని రాపోండి. మొగోళ్ళతో ఏం మాట్లాడేది?"

అప్పుడు గుర్తుపట్టాడు. ముఖం మాడిపోయింది. గొణుక్కుంటూ పోయి భార్యను తెచ్చాడు. ఆమె లోపలికొచ్చి, కాఫీ తాగి, చెప్పులు విప్పేసి చాప మీద కూర్చుని, "నువ్వు పోతా ఉండు, నేనొస్తాలే" అని మొగుణ్ణి పంపేసింది. గురువారం గురువారం ఇప్పటికీ వస్తుంది. ఆ రోజు నాకు కడుపు నిండా అన్నం తిన్నట్టయింది. ఇందులో దాచుకునేదేమీ లేదు, పగ తీర్చుకోవడం నాకు బాగుంది.

ఆ రుచిలోనే తప్పు చేశాను.

అప్పట్లో మా దగ్గరికి కార్వేటినగరం వైపు నుంచి ఒకమ్మాయి వచ్చేది. ఇరవై నాలుగేళ్ళుంటాయి. మొగుడి దెబ్బలు పడలేక వచ్చేసి, లేడీస్ హాస్టల్లో ఉంటూ మా వెనక గదిలో జాకెట్లు కుట్టేది. తక్కువ మాట్లాడేది. మొగుడు ఎట్లా కొట్టేవాడో అడిగాను, చెప్పింది. ఆ ఇంట్లో ఇంకెవరు ఏం చేసేవాళ్ళని నేను అడగలేదు. నా లెక్కలో పాపమంతా మగవాళ్ళదే, ఇంక అడిగేదేముంది?

ఒక రోజు పొద్దున పదకొండు గంటల ఎండలో ఆ మొగుడు వచ్చాడు. అందరూ డ్యూటీలకు పోయారు, వెనక గదిలో ఆ అమ్మాయి ఒక్కతే ఉంది. వాడు బోర్డు సంగతి ముందే కనుక్కుని వచ్చినట్టున్నాడు, పక్కన వాళ్ళమ్మ. పొట్టి మనిషి, తలలో కనకాంబరాలు, చేతిలో జామకాయల సంచి.

"నా కోడలు కాదమ్మా, నా బిడ్డ. ఒక్క మాట మాట్లాడి పోతా. కండ్లల్లోనే ఉండాది నాకు" అంది.

రూలు రూలే గదా అనుకున్నాను. అనుకోవడమా, పొంగిపోయాను. ఆ పెద్దామెకు కాఫీ కలిపిచ్చి లోపలికి పంపాను. నేను వరండాలో కుర్చీ వేసుకుని వాణ్ణి ఎండలో నిలబెట్టాను. ఆడదాని మీద చెయ్యెత్తితే ఏ సెక్షన్ కింద ఏమవుతుందో లాయరమ్మ చెప్పిందంతా వాడికి అప్పజెప్పాను. వాడు చెమటలు తుడుచుకుంటుంటే నాకు చూడముచ్చటగా ఉంది. పావుగంట వాణ్ణి వదల్లేదు.

ముసలామె బయటికొచ్చింది. "మాట్లాడినాలేమ్మా, మంచి బిడ్డ" అని నవ్వి, కొడుకును తీసుకుని వెళ్ళిపోయింది.

నేను లోపలికి పోయాను. ఆ అమ్మాయి కటింగ్ బల్ల కింద ముడుచుకుని ఉంది. కుడి చెవి అదిమిపట్టుకుంది. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు మోచేతి దాకా కారింది. పెళ్ళికి పెట్టిన కమ్మ మా సొమ్మే అంటూ ఆ ముండ లాగేసింది. చెవితమ్మె రెండుగా చీలిపోయింది.

"ఎందుకే అరవలేదు? నేను ఆడనే ఉండాను గదా!" అని నేనే అరిచాను.

"అరిచి ఎవుర్ని పిలవాలక్కా? ఆయమ్మకు కాఫీ ఇచ్చి పంపించింది నువ్వే గదా" అంది.

అప్పుడు తెలిసింది. కొట్టింది మొగుడేనట గానీ, ప్రతిసారీ చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నది ఆమేనట.

ఆసుపత్రికి ఆటోలో పోతూ నేను రగిలిపోయాను. ఆ ముసలిదాన్ని ఊళ్ళోకి పోయి జుట్టు పట్టుకుని ఈడుస్తానన్నాను. "ఏం చెయ్యమంటావో చెప్పు, ఈ రోజే చేస్తా" అన్నాను. ఆ అమ్మాయి గుడ్డ చెవికి అదుముకుని, "ఆయమ్మను తరవాత సూస్తువు. ముందు ఆ రూముకు తలుపు పెట్టించక్కా" అంది.

మూడేళ్ళుగా ఆ గదికి ఉన్నది కర్టెన్ గుడ్డ ఒక్కటే. గేటు బయట ఎర్రక్షరాలు మాసిపోతే రెండుసార్లు మళ్ళీ రాయించాను గానీ, ఈ సంగతి నా కంటికి కనబడనే లేదు.

కేసు పెట్టాం, నడుస్తోంది. ప్రతి వాయిదాకూ ఆ ముసలామె బస్సెక్కి రావలసిందే. నేనూ పోతాను. ఎదుటి బెంచీ మీద కూర్చుని, తిన్నగా ఆమె చెవుల్నే చూస్తాను. నాలుగు వాయిదాలయ్యాక ఆమె కమ్మలు పెట్టుకుని రావడం మానేసింది. అయినా నా కసి తీరలేదు. తీరాలని కూడా నాకు లేదు.

తలుపు మాత్రం మరుసటి రోజే పెట్టించాను, వేపచెక్కతో. వడ్రంగి పోయాక ఆ అమ్మాయి కట్టుకట్టిన చెవితో లోపలికి పోయి గడియ వేసుకుంది. బాగా పడుతోందో లేదో చూద్దామని నేను బయటి నుంచి తట్టాను.

"ఎవురు?"

"నేనేమ్మా."

"నీతో ఇంకెవురొచ్చినారు?"

"ఎవురూ లేరు, నేనొక్కదాన్నే" అన్నాను. నా గొంతు ఆమెకు బాగా తెలుసు. అయినా గడియ తియ్యలేదు. తియ్యమని నేనూ అడగలేదు.