చెయ్యనని చెప్పడం నేర్పిన ఆపా

నా చిన్నప్పుడు, పదేళ్ళ వయసులో, మా నాయన పని కోసం మేము బనగానపల్లె దగ్గరి ఒక ఊరికి మారాము. నాయన నాపరాళ్ళ గనిలో పనిచేసేవాడు. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. పొద్దున్నే నాయన నాలుగు జొన్నరొట్టెలు కాల్చి, రెండు తాను కట్టుకుని, రెండు నాకు పెట్టి వెళ్ళిపోయేవాడు. మళ్ళీ దీపాలు పెట్టే వేళకే రావడం. బడి లేని రోజుల్లో నా గొంతు నాకే వినపడేది కాదు.

వీధిలో నా ఈడు ఆడపిల్లలు ఐదుగురు. పుట్టినప్పటినుంచీ కలిసి పెరిగినవాళ్ళు. వాళ్ళు అచ్చంగాయలు ఆడుతుంటే నేను గోడకు ఆనుకుని చూస్తూ ఉండేదాన్ని. ఒకరోజు, వాళ్ళలో అందరూ ఎవరి మాట వింటారో ఆ పిల్ల, రాళ్ళు పాలిషు పట్టే మిషను ఉన్న ఆసామి కూతురు, తన లెక్కల పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. నేను పెన్సిలుతో చేసిచ్చాను. ఆమె దానిమీద పెన్నుతో దిద్దుకుంది. ఆ సాయంత్రం నన్ను ఆటలోకి పిలిచారు. వారం తిరిగేసరికి ఐదుగురి పుస్తకాలూ నా దగ్గరికే వచ్చేవి. నాకు లెక్కలంటే ఇష్టమే కాబట్టి కష్టమనిపించలేదు. కాకపోతే పుస్తకం ఇవ్వని రోజు నన్నెవరూ పిలవరని మాత్రం తెలిసిపోయింది.

మా అందరికీ సాయంత్రాలు తన ఇంటి వసారాలో ట్యూషన్ చెప్పేది పక్కింటి ఆపా. ముస్లింల ఇళ్ళలో అక్కను ఆపా అంటారు. ఆమె తమ్ముళ్ళ పిలుపే వీధికంతా అలవాటైపోయింది. పదో తరగతి పాసై ఇంటిపట్టున ఉండేది. పద్దెనిమిదేళ్ళు ఉంటాయేమో. గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

ఒకసారి ఒక భాగహారంలో శేషం రాయడం మర్చిపోయాను. ఆ శేషం ఆరుగురి పుస్తకాల్లోనూ లేదు. ఆపా అన్నీ పక్కపక్కన పెట్టి చూసుకుంది. అందరినీ పంపించి, నన్ను ఉండమంది.

"వాళ్ళ లెక్కలు నువ్వు చేస్తాండావా?"

తల ఊపాను.

"చెయ్యనని చెప్పలేవా?"

"చెప్తే నన్ను ఆటకు పిలవరు ఆపా."

తిడుతుందనుకున్నాను. ఆమె లేచి, వీధిలోకి పోయి, ఆ ఆసామి కూతురు నడిచినట్టే నడుచుకుంటూ వచ్చి ఒక పుస్తకం నా ముందర పడేసింది. "మే, ఇది చేసియ్." నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. నేను తల వంచుకుని, చెయ్యనని గొణిగాను.

"నేల అడగలేదు నిన్ను. నేనడిగినా. నా మొగం చూసి చెప్పు."

మళ్ళీ వచ్చింది. ఈసారి చెయ్యనని అరిచాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "అరిస్తే నాకు నీ అరుపే గుర్తుంటాది, నువ్వేం చెప్పినావో మర్చిపోతా." మళ్ళీ వీధిలోకి పోయింది. అలా ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. చివరికి నా నోటి నుంచి మామూలు గొంతుతో ఆ మాట వచ్చింది. "నీ లెక్కలు నేను చెయ్యను. నా పక్కన కూర్చో, ఎట్ల చెయ్యాల్నో చూపిస్తా." ఆపా నా నెత్తి నిమిరింది. "ఇంతే. ఇంకేమీ కలపొద్దు," అంది.

మరుసటి రోజు బడిలో ఆ పిల్లతో ఆ మాటే చెప్పాను. ఆమె నన్ను వింతగా చూసి, పుస్తకం తీసుకుని వెళ్ళిపోయింది. సాయంత్రం ఆపా అందరికీ తన ఎదుటే భాగహారాలు ఇచ్చింది. ఆ పిల్ల ఒక్కటీ చెయ్యలేకపోయింది. మర్నాడు ట్యూషన్ వేళకు వాళ్ళమ్మ వచ్చింది.

"నా బిడ్డకు నిన్నటిదాకా అన్నీ సరిగ్గా వస్తాండె. ఒక్కదినంలో ఎట్ల మర్చిపోయింది? నాలుగు దెబ్బలేసి అయినా చెప్పల్ల గదా!"

ఆపా లేచి నిలబడింది. ఓణీ కొంగును ఆమె వేలికి గట్టిగా చుట్టుకోవడం పక్కనే కూర్చున్న నాకు కనిపించింది. గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

"అమ్మా, పుస్తకంలో ఉండేవి మీ పాప చేసినవి కావు. ముందే చూసుకోకపోవడం నా తప్పు. మొదటినుంచి నేర్పిస్తా, నెల పడుతుంది. కొట్టను, ఇంకొకరితో చేయించుకోనియ్యను."

"చేసిచ్చింది ఎవరు? చెప్పు."

నేను పుస్తకంలోకి తల దించేసుకున్నాను.

"ఆ పిల్లతో నేను మాట్లాడినా. పేరు చెప్పను."

ఆ తల్లి కూతురి చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. రెండు రోజుల్లో మిగతా నలుగురూ రావడం మానేశారు. ఆ తర్వాత సాయంత్రాల్లో ఆ వసారాలో ఆపా, నేను, అంతే. వీధి చివర వాళ్ళ ఆటల అరుపులు వినిపించేవి. ఆపా వాటిని పట్టించుకోనట్టు పుస్తకం తిప్పేది కానీ, ఒక్కోసారి అదే పేజీ మీద ఉండిపోయేది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "మనం తప్పు చేసినామా ఆపా?"

"తప్పు కాదు. కానీ శానా బాధగా ఉండాది నాకు. రెండూ నిజమే," అంది.

పెద్దవాళ్ళకు కూడా అలా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

రెండు నెలల తర్వాత ఆ ఐదుగురిలో ఒక పిల్ల, అందరికంటే తక్కువ మాట్లాడేది, పుస్తకం పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. "చూపిస్తానన్నావంట గదా," అంది. చూపించాను. ఆటలకు పిలుపు మళ్ళీ ఎప్పుడూ రాలేదు. ఆ ఎండాకాలం, మామిడికాయలు దిగే రోజుల్లో, ఆపాకు ఆదోనిలో పెళ్ళయింది. పెళ్ళికి నేను పోలేదు, నాయనకు జ్వరం. తర్వాత మేము ఆ ఊరు వదిలేశాము. ఆమెను మళ్ళీ చూడలేదు.

నేను టీచరునయ్యాను. రిటైరై ఏళ్ళయింది. మా ఆయన పోయాక కడపలో ఈ రెండు గదుల ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. సాయంత్రం నలుగురు పిల్లలు లెక్కలకు వస్తారు. నిజం చెప్పాలంటే, వాళ్ళు వచ్చే గంట కోసమే నాకు పొద్దు గడుస్తుంది. మొన్న ఎనిమిదో తరగతి అబ్బాయి ఫోన్లో చూసి ఎక్కించిన జవాబులు తెచ్చి, "వీటికి టిక్కు పెట్టండి టీచర్, లేకపోతే వేరే ట్యూషన్‌కు పోతా," అన్నాడు. సరే అనాలని నా ప్రాణం ఎంత కొట్టుకుందో నాకే తెలుసు. వాడి ముఖంలోకి చూసి, "ఇవి నేను దిద్దను నాయనా. ఇక్కడ నా ఎదుట ఒక్కటి చెయ్యి, ఎక్కడ ఆగితే అక్కడినుంచి చెప్తా," అన్నాను. వాడు సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు. ఇంకా రాలేదు.

మాట నిదానంగా, సూటిగా చెప్పడం ఆపా నాకు ఒక్క సాయంత్రంలో నేర్పింది. చెప్పిన తర్వాత మిగిలే ఖాళీలో, చెప్పినదాన్ని వెనక్కి తీసుకోకుండా కూర్చోవడం మాత్రం ఆ రెండు నెలలూ నా పక్కన కూర్చుని నేర్పింది. ఇప్పటికీ నాకు కష్టంగా ఉండేది ఆ రెండోదే.