తల్లి తొడిగిన బట్టలు

క్రైనాకి మొదట ఆడబట్టలు తొడిగింది వాళ్లమ్మే. ఈ సంగతి హాలండు సముద్రతీరంలోని మా స్కేవెనింగెన్‌లో ఎవరూ ఒప్పుకోరు. నేను ఆ గదిలోనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను.

యుద్ధం మధ్యలో జర్మన్లు సముద్రం ఒడ్డున గోడ కట్టుకోవడానికి మా వీధులు ఖాళీ చేయించారు. మమ్మల్నీ పక్కింటి రూలెవెల్ట్ వాళ్లనీ తూర్పున, చేపల వాసనే తెలియని ఒక పల్లెకి తోలారు. ఒక రైతు పశువుల కొట్టం పక్కగదిలో సర్దుకున్నాం. మా అమ్మా నేనూ ఒక వైపు, పక్కింటి విలెమా పెద్దమ్మా ఆమె చిన్నకొడుకు క్రైన్ ఇంకో వైపు. పెద్దకొడుకు బాస్టియాన్ ఓడ మీద వెళ్లి ఇంగ్లండులో చిక్కుకుపోయాడు. క్రైన్‌కి పందొమ్మిదేళ్లుంటాయి. హెర్రింగ్ చేపల పడవ మీద ఒక్కసారి వెళ్లి, దగ్గు పట్టుకుని తిరిగొచ్చాక ఆడవాళ్లతో కూర్చుని చిరిగిన వలలు బాగుచేసేవాడు.

ఆ వయసు మగవాళ్లని జర్మనీ ఫ్యాక్టరీలకి పట్టుకుపోతున్న రోజులవి. ఒక ఉదయం రైతు భార్య పరిగెత్తుకొచ్చి, సైనికులు ఇళ్లు వెతుకుతున్నారని చెప్పింది. పెద్దమ్మ తన బట్టల పెట్టె తెరిచింది.

“ఒరేయ్, ప్యాంటు విప్పు.”

“అమ్మా, కోబా ఉంది ఇక్కడ!”

“కోబా కళ్లు మూసుకుంటుందిలే. విప్పరా!”

నేను మూసుకోలేదు. ఒకదాని మీద ఒకటి మూడు పావడాలు కట్టింది. ముందు ఏప్రాను, భుజాల మీద శాలువా మడిచి పిన్ను, తల మీద మా ఊరి తెల్లటోపీ. ఆ టోపీ కింద జుట్టు ఉందో లేదో ఎవరికీ తెలియదు.

సైనికుడు వచ్చాడు, మంచం కింద చూశాడు, దాహంగా ఉందన్నాడు. క్రైన్ లేచి చుక్క ఒలక్కుండా పాలు పోసిచ్చాడు. సైనికుడు “బతికించావమ్మాయ్” అని గిన్నె ఇచ్చి వెళ్లిపోయాడు. వాడు వాకిలి దాటగానే పెద్దమ్మకి నవ్వు ఆగలేదు.

“ఏమే క్రైనా, ఇక నీకు మొగుణ్ణి వెతకాలే!”

భయమంతా పోయి కన్నీళ్లొచ్చేలా నవ్వాం. క్రైన్ మాత్రం నవ్వలేదు. ఏప్రాను ముడతలు మెల్లగా సరిచేసుకుంటోంది. చలిలో పడవ దిగి తడిబూట్లు విప్పుకున్న మనిషి ముఖంలో ఉండే నెమ్మది ఆ ముఖంలో చూశాను. ఆ రోజు నుంచి నాకు ఆమె క్రైనాయే.

రెండేళ్లు అలాగే గడిచాయి. బీట్‌దుంపలు తవ్వడానికి అమ్మాయిల గుంపులో నాతోపాటు వచ్చేది. పెద్దమ్మ కూడా, పరాయివాళ్లు లేనప్పుడు సైతం, “ఒసే, నీళ్లు తే”, “ఏమే, జుట్టు పెరిగింది, దువ్వుకో” అనేది.

యుద్ధం ముగిసి తిరిగొస్తే మా వీధి లేదు, ఇటుకల గుట్టలున్నాయి. సగం కూలిన రెండు ఇళ్లలో పక్కపక్కనే మాకు గదులిచ్చారు. సామాను దించిన సాయంత్రమే పెద్దమ్మ, చనిపోయిన భర్త ప్యాంటు తెచ్చి కుర్చీ మీద వేసింది.

“ఇక చాల్లే. విప్పెయ్‌రా.”

క్రైనా కదల్లేదు. “రెండేళ్లు ‘ఏమే’ అని పిలిచావు కదమ్మా. ఇప్పుడు ‘రా’ అంటే నాకు పలకబుద్ధి కావట్లేదు.”

“ప్రాణం కాపాడటానికి చేశాను. అంతే.”

“కాపాడావుగా. అది అలాగే ఉండనీ.”

పెద్దమ్మ మొహం తిప్పుకుంది. తర్వాత ఆ నోట ‘ఏమే’ అన్న మాట మళ్లీ రాలేదు. బాస్టియాన్ వచ్చాక మాటలతో పనిలేకుండా పోయింది. పెదవి చిట్లేలా కొట్టి, పావడాలన్నీ పొయ్యిలో వేశాడు. క్రైనా దుప్పటి చుట్టుకుని మా ఇంటికొచ్చింది. మా అమ్మ తిట్టుకుంటూనే తన పాతవి ఇచ్చి మాతోనే ఉంచుకుంది.

మగవాడు ఆడవేషంలో వీధిలో తిరగకూడదని మునిసిపాలిటీ నియమం ఉండేది. పోలీసులు ఆమెని ఎన్నోసార్లు తీసుకెళ్లారు. ఒకసారి జుట్టు గొరిగి పంపారు. చర్చి పెద్ద వచ్చి పశ్చాత్తాపపడమన్నాడు. దేనికని ఆమె అడిగింది. అంతటితో చర్చిలో ఆమె చోటు పోయింది.

పని ఇచ్చింది ప్లూనా ఒక్కతే. వలలు బాగుచేసే మిద్దె మీద ఆడవాళ్లందరికీ ఆమే పెద్ద. దూలాలకి వేలాడే వలల మధ్య నుంచి బొంగురుగొంతుతో అరిచింది.

“ఈమెని వద్దన్నవాళ్లు ముందుకొచ్చి, ఈమె కంటే త్వరగా ఒక్క చిరుగు పూడ్చి చూపించండి.”

వెనకనుంచి ఒకామె అంది: “మరి బట్టలు మార్చుకునేదెక్కడ ప్లూనా? మనతోనా?”

“మగాళ్లతో పంపమంటావా? పాపం, వాళ్లు సిగ్గుతో చస్తారే!”

మిద్దె అంతా ఘొల్లున నవ్వింది. నవ్వాక వెళ్లగొట్టడం కష్టం. క్రైనా అక్కడే ఉండిపోయింది.

పందొమ్మిది వందల యాభై నాలుగులో, మగ ఒంటిని ఆడ ఒంటిగా మార్చే ఆపరేషన్ చేసే డాక్టరు ఇంకో ఊళ్లో ఉన్నాడని తెలిసింది. పేరు ఎక్కడా చెప్పకూడదన్నాడాయన. అందుకే నేనూ చెప్పను. రైల్లో తోడు వెళ్లాను. మా దేశంలో అలాంటి ఆపరేషన్ చేయించుకున్న మొదటి కొద్దిమందిలో క్రైనా ఒకతె. ఎలా చేయాలో ఆయనకీ పూర్తిగా తెలియదని తర్వాత అర్థమైంది. గాయం చీము పట్టింది. చలికాలమంతా జ్వరం. బతికింది గానీ, ఆ నొప్పి జీవితాంతం వదల్లేదు. నిలబడి చేసే పని, పెట్టె మీద కూర్చుని చేసేది.

“పొరపాటు చేశానంటావా కోబా?” అని ఒకసారి తనే అడిగి, నేను నోరు తెరిచేలోగా, “లేదులే. నొప్పి నొప్పే. కానీ ఇప్పుడు నొప్పెడుతున్న ఒళ్లు నాది” అంది.

ఎలా తెలిసేదో గానీ, ఎక్కడెక్కడి నుంచో మనుషులు ఆమెని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. ఉత్తరాది నుంచి ఒక బడిపంతులు, పంతులమ్మ కావాలనుకున్నవాడు, మా వంటింట్లో కూర్చుని కాఫీ ముట్టకుండా ఏడ్చాడు. క్రైనా ఎవరికీ తీపి మాటలు చెప్పలేదు. రక్తం, జ్వరం, పోలీసులు, అన్నీ చెప్పేది. చివర, “వెళ్లమని చెప్పను. వెళ్తే మాత్రం ఒంటరిగా వెళ్లకు, నేనొస్తాను” అనేది. ఆ ఒంట్లో బాగోని మనిషి ఇద్దరికి తోడుగా వెళ్లింది కూడా.

పెద్దమ్మ మంచాన పడ్డప్పుడు బాస్టియాన్ ద్వారంలో నిలబడ్డాడు.

“ప్యాంటు వేసుకుని రా, లోపలికి పంపిస్తా.”

“అన్నయ్యా, అమ్మ వినే దగ్గర ఇలా మాట్లాడకు.”

“అమ్మే చెప్పింది.”

అది అబద్ధమో నిజమో నాకు ఈనాటికీ తెలియదు. క్రైనా గోడవారన నిలబడింది. మర్నాడూ వచ్చి నిలబడింది. ఆ మధ్యాహ్నం లోపల కిటికీ తెరలు దించారు. అది చూసి తల్లి పోయిందని తెలుసుకుంది.

మా ఊళ్లో తల్లి పోతే కూతురు నలుపు కట్టాలి. క్రైనా కట్టింది. శవం వెనక నడవనివ్వలేదు గనక, మర్నాడు ఒక్కతే స్మశానానికి నడిచింది. దారిలో, ఆమెని చర్చిలోంచి గెంటిన పెద్దాయన భార్య ఎదురైంది. ముసలామె ఆగింది. నలుపు వైపు చూసింది, ముఖం వైపు చూసింది.

“అమ్మ పోయిందటగా తల్లీ. దేవుడు నీకు ఓర్పివ్వాలి” అని చెయ్యి పట్టుకుంది.

దుఃఖపు నల్లబట్టల మీద రాయి విసిరే పిల్లాడు కూడా మా ఊళ్లో లేడు. అందుకేనేమో, క్రైనా ఆ తర్వాత రంగు కట్టలేదు.

అరవై ఏడులో మూత్రపిండాలు పాడయ్యాయి. కాగితాల్లో క్రైన్ అనే ఉంది కాబట్టి ఆసుపత్రిలో మగవార్డులో పడుకోబెట్టారు. ప్లూనా, నేనూ చూడ్డానికి వెళ్తే పక్క మంచాలవాళ్లు ఈలలు వేస్తున్నారు. దుప్పటి గడ్డం దాకా లాక్కుని ఉంది.

“కోబా, మంచం చుట్టూ ఒక తెర అడిగాను. లేదన్నారు.”

ప్లూనా కిందికి వెళ్లి కారు మాట్లాడి వచ్చింది. ఇద్దరం చెరో వైపూ పట్టుకుని మా ఇంటికి తెచ్చేశాం. వారం తిరక్కుండా, గాలి హోరున వీస్తున్న ఒక మధ్యాహ్నం, నా మంచం మీదే పోయింది.

శవపేటిక తెచ్చినవాడు గడప దగ్గర నిలబడి గొణిగాడు. “స్నానం చేయించడానికి మగవాళ్లని పంపమంటారా?”

ప్లూనా జాకెట్టు చేతులు మోచేతుల దాకా మడుచుకుంటోంది.

“ఆడమనిషికి ఆడవాళ్లే చేస్తారు. నువ్వు బయట నిలబడు.”

వాడు టోపీ తీసి బయటికి నడిచాడు. నేను నీళ్లు కాచాను.