గడివేములామె

నా భార్యది శ్రీలంక. ఇద్దరం కువైట్‌లో పని చేసేటప్పుడు పెండ్లి చేసుకున్నాం. ఆళ్లగడ్డకు కాపురానికొచ్చిన పన్నెండేండ్లకు ఆమెకు భారత పౌరసత్వం వచ్చింది. నంద్యాలలో ఆ కాగితం చేతికిచ్చిన రోజు, బస్టాండులో మైసూర్‌పాక్ పెట్టె విప్పి, బెంచీ మీద పక్కన కూర్చున్న పెద్దామె ముందు పెట్టింది.

"ఏందిది?" అందామె, పెట్టె ముట్టకుండా.

"నేనూ ఈ దేశం మనిషినేనని ఈ పొద్దు కాగితమిచ్చినారమ్మా," అంది నా భార్య.

పెద్దామె పెట్టెకు మూతేసి వెనక్కి తోసింది. "నేను పుట్టింది ఈ పక్కనే, గడివేములలో. కోయిలకుంట్లకు కోడలిగా వచ్చి నలభై ఏండ్లు. బిడ్డల్ని కన్నదీ, మనవళ్లను సాకిందీ ఆడనే. ఇంగా నన్ను గడివేములామె అనే పిలుస్తారు. నీకు కాగితమిస్తే ఊరు మర్చిపోతాదా? మళ్లా తీపి పంచుతాండావ్, సిగ్గులేకుండా."

నాకు ఒళ్లు మండింది. "తింటే తిను, లేకుంటే నోరు మూసుకో," అన్నా. ఆమె నా వైపు చూడను కూడా చూడలేదు. కోయిలకుంట్ల బస్సొస్తే ఎక్కి పోయింది.

ఆళ్లగడ్డ దాకా ఆ ముసల్దాన్ని తిడతానే ఉన్నా. నా భార్య పెట్టెను ఒళ్లో పెట్టుకోని కూర్చుంది.

ఇంటి ముందు ఆటో దిగేసరికి ఎదురింటాయన అడిగినాడు: "ఏమప్పా, లంకామె పని అయిందా?"

"అయిందన్నా," అన్నా, పన్నెండేండ్లుగా ఆ పేరుకు పలుకుతున్నట్టే.

నా భార్య మైసూర్‌పాక్ పెట్టె నా చేతిలో పెట్టి లోపలికి పోయింది.